అలాంటి పిల్లల మధ్యకు మా అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీలో పీజీ చేస్తోంది. లైంగిక నేరాలకు పాల్పడిన టీనేజర్ల అసెస్‌మెంట్, చికిత్సలపై పరిశోధన చేస్తానంటోంది. క్లినికల్ (మానసిక సమస్యల చికిత్స), ఫోరెన్సిక్ (నేర, న్యాయ వ్యవహారాలకు సంబంధించిన) సైకాలజీలలో ఏది మేలు? అసలు పంపవచ్చా? – ఒక తల్లి

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, మిమ్మల్ని వేధిస్తున్నది ఆ పిల్లలు ఎన్నటికీ మారరన్న భయం. ఆ భయానికి పరిశోధనల్లో ఆధారం లేదు. మనస్తత్వ పరిశోధకుడు మైఖేల్ కాల్డ్‌వెల్ 2016లో 106 అధ్యయనాలను కలిపి విశ్లేషించగా, మళ్లీ లైంగిక నేరం చేసినట్టు నమోదైనవారు సగటున నూటికి అయిదుగురి లోపే ఉన్నారు. 2000 తర్వాతి అధ్యయనాలలో ముగ్గురి కన్నా తక్కువ. ఫిర్యాదు దాకా రానివి ఈ లెక్కలో ఉండవు, బాధితుల గాయమూ దీనివల్ల చిన్నదైపోదు. అయినా దారి మళ్లించదగిన పిల్లలే ఎక్కువన్నది స్పష్టం.

ఇల్లు, బడి, స్నేహితులు అన్నింటినీ కలుపుకొని పనిచేసే మల్టీసిస్టమిక్ థెరపీ, మామూలు సేవల కంటే మెరుగైన ఫలితాలిచ్చినట్టు చార్లెస్ బోర్డిన్ బృందం 2009లో చూపింది. అది 48 మందితో చేసిన చిన్న ప్రయోగం కనుక, మీ అమ్మాయి వంటివారు చేయవలసిన పని ఇంకా చాలా మిగిలి ఉంది.

నా సందేహమల్లా ఇప్పుడు మోజుగా మారిన ఫోరెన్సిక్ స్వల్పకాలిక కోర్సుల మీదే. నాలుగు ప్రశ్నలడిగి నేరస్థుడి మనసు చదివేయవచ్చన్నట్టు అవి ప్రచారం చేసుకుంటాయి. జె-సోప్-2, ఎరాసర్ వంటి అంచనా సాధనాలు నిపుణుల చేతిలో కూడా ఆ పిల్లలు మళ్లీ నేరం చేసే ప్రమాదాన్ని ఓ మోస్తరుగానే లెక్కకట్టగలవు. మళ్లీ నేరం చేసేవారే అరుదైనప్పుడు, ప్రమాదకరమని ముద్ర పడినవారిలో ఎక్కువమంది ఆ పని ఎప్పటికీ చేయనివారే అవుతారు. పైగా ఆ వయసులో మనిషి త్వరగా మారతాడు, నిరుటి అంచనా ఈ ఏటికి పనికిరాకపోవచ్చు. ఇవి తెలియని సర్టిఫికెట్ ఒక పిల్లవాడి భవిష్యత్తుపై నివేదిక రాయడం ప్రమాదం. అందువల్ల ముందు క్లినికల్ శిక్షణ, ఆపైన ఫోరెన్సిక్ అనుభవం మేలు.

కటువుగా అనిపించినా ఒక మాట చెప్పాలి. పీజీ చదివే అమ్మాయిని "పంపడం" ఏమిటమ్మా? తను నిర్ణయించుకుంది; మీరు నలుగురి మాటలను ఇంట్లోకి మోసుకురాకుండా ఉంటే చాలు. ఇలాంటి కథనాలు రోజూ వినేవారి మనసు అలిసిపోవడం మాత్రం నిజం. పరిశోధనలో చేరేముందు గైడ్‌ను ఆమె అడగవలసినవి ఇవి: సీనియర్ల పర్యవేక్షణ క్రమం తప్పకుండా ఉంటుందా? ఒక పిల్లవాడు బయటపడని నేరం గురించి చెబితే గోప్యత ఎంతవరకు, ఎవరికి తెలపాలి?