వయ్యారిభామలో భామ ఎవరు?

సందేహం: మా కాలవగట్టున తెల్లపూల మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. మా మామ్మగారు మాచిపత్రి అంటారు, మా అబ్బాయి వయ్యారిభామ అంటాడు. రెమ్మ పంపుతున్నాను. ఏది నిజం? వయ్యారి, ఒయ్యారి, వొయ్యారి – ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, ముమ్మిడివరం

సమాధానం: అమ్మా, కవరు విప్పి భూతద్దం పెట్టి చూశాను. క్యారెట్ ఆకులా చీలికలు, కాడకు నిలువు గీతలు, మిరియపు గింజంత తెల్లపువ్వుకు ఐదు మొనలు. మాచిపత్రికి ఆకు అడుగున తెల్లని నూగు ఉంటుంది, నలిపితే ఘుమఘుమలాడుతుంది. మీవాడే గెలిచాడు. చవితి పత్రిలో కూడా ఇది కలిసిపోతుంటుంది, చూసి కొనండి.

ఒయ్యారి, వయ్యారి రెండూ ఉన్నాయి. వొయ్యారి వద్దు. తెలుగు మాటల మొదట వు, వూ, వొ, వోలు లేవని బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఏనాడో చెప్పాడు. వినేదెవరు!

అసలు రుచి భామలో ఉంది. 'భా' అంటే కాంతి కాబట్టి మెరిసేది భామ అనేవాళ్లూ ఉన్నారు, సరే. కానీ సంస్కృతంలో 'భామ' ధాతువుకు, అంటే మాట మూలానికి, అర్థం కోపం. 'కోపనా సైవ భామినీ', కోపించే ఆడదే భామిని అంది సంస్కృత నిఘంటువు అమరకోశం. ఆ కోపం చూడాలంటే పారిజాతాపహరణం రాసిన నంది తిమ్మన దగ్గరికే వెళ్లాలి. పారిజాతం రుక్మిణికి దక్కిందని చెలికత్తె చెప్పగానే సత్యభామ 'వ్రేటువడ్డ యురగాంగనయుం బలె' లేచింది. దెబ్బతిన్న ఆడపామన్నమాట. అక్కడితో ఊరుకోక, నెయ్యి పోస్తే భగ్గుమన్న మంట అన్నాడు. ముందు పడగ లేస్తుంది, తర్వాత ఒళ్లంతా రగులుతుంది. ఆ వరస తిమ్మనకే తెలుసు! మీ రెమ్మ ముట్టుకున్న సాయంత్రానికి నా వేళ్ల సందున ఒకటే దురద. పేరు పెట్టినవాడు ధాతువు తెలిసి పెట్టాడనను. గాలికి ఊగే నడుము చూసి అనేసి ఉంటాడు.

మొక్క అమెరికా ఖండానిది. మన దేశంలో 1955 ప్రాంతంలో పుణె దగ్గర గుర్తించారంటారు. దీని శాస్త్రీయనామం పార్థీనియంలో ఉన్నది కన్య అనే గ్రీకు మాట. పార్థుడికి సంబంధం లేదు. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇది గడ్డి కాదు, చామంతి కుటుంబం. కలుపంతా గడ్డే అనే రైతును నేను తప్పుపట్టను. 'వయ్యారిభామ నిర్మూలన చేపట్టబడును' అని బోర్డు రాసేవాళ్లనే పడతాను. 'పీకేస్తాం' అంటే నామోషీయా?

వయ్యారిభామ అని కలిపి రాస్తే మొక్క, వయ్యారి భామ అని విడదీస్తే మనిషి – ఇది నా అలవాటే, శాసనం కాదు. ఏడాది మొక్క కదా, గింజ రాలకముందే చేతులకు తొడుగులు వేయించి పీకించండి. మామ్మగారికి మాత్రం నెమ్మదిగా చెప్పండి.