టెక్ సందేహాలు: మేడ ఎక్కనంటున్న రైలు

ఈసారి మూడు ప్రశ్నలూ ఒకే సరదా గురించి. వీటిని బొమ్మ రైళ్లంటే పాఠకులు ఊరుకోరని ఇదివరకే తెలిసొచ్చింది కాబట్టి మోడల్ రైళ్లనే అంటాను.

ప్రశ్న: హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు రైలులో 87వ వంతు సైజులో, రెండంతస్తుల రైలు లేఅవుట్ కడుతున్నాను. అంతస్తుల మధ్య తేడా 45 సెం.మీ. ట్రాకు ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌ట్రాక్‌క్యాడ్‌లో గీసినప్పుడు అంతా సరిపోయింది. తీరా 45 సెం.మీ. వ్యాసార్థంతో హెలిక్స్ (చుట్లు తిరుగుతూ పైకెక్కే ట్రాకు) కట్టాక, ఇంజిన్ నాలుగు పెట్టెలను లాగుతోంది గానీ పది తగిలిస్తే చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. ఇంకా బలమైన ఇంజిన్ కొనాలా? పై అంతస్తుకు ఆసరా ఎలా ఇవ్వాలి?

జవాబు: ఇంజిన్ జోలికి పోకండి. మీ హెలిక్స్‌లో ఒక చుట్టు పొడవు 2.83 మీటర్లు. చుట్టుకు 10 సెం.మీ. ఎక్కుతున్నారనుకుంటే వాలు మూడున్నర శాతం. పైగా వంపులో చక్రాల అంచులు పట్టాలను ఒరుసుకుంటాయి, కాబట్టి ఇంజిన్‌కు ఆ ఎక్కుడు ఇంకా బరువు. వ్యాసార్థం 75 సెం.మీ. చేస్తే చుట్టు 4.71 మీటర్లవుతుంది, వాలు 2.1 శాతానికి దిగుతుంది. పది పెట్టెలకు అది న్యాయం.

పోనీ చుట్టుకు 7 సెం.మీ. చాలదా అంటారేమో. చాలదు. అమెరికా మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ ప్రమాణం ప్రకారం హెచ్‌ఓలో పట్టా పైనుంచి దాదాపు 76 మి.మీ. ఖాళీ ఉండాలి. దానికి 12 మి.మీ. ప్లైవుడ్డు, స్లీపర్లతో సహా ట్రాకు మందం, కింద పరిచే కార్కు కలిపితే ఇంచుమించు 10 సెం.మీ. అవుతుంది. తగ్గించాలంటే చెక్క పలచనవ్వాలి, అప్పుడు ఆసరాలు దగ్గర దగ్గరగా పడాలి.

సాఫ్ట్‌వేర్‌ది తప్పు కాదు. ట్రాకు చివర్లకు ఎత్తులు ఇస్తే వాలు ఎంతో అదే లెక్కకట్టి చెబుతుంది. ఇవ్వకపోతే మాత్రం మీ దగ్గరున్నది పైనుంచి చూసిన బొమ్మే.

పెద్ద హెలిక్స్‌కు ఒక చిక్కుంది. 45 సెం.మీ. ఎక్కడానికి నాలుగున్నర చుట్లు, అంటే 21 మీటర్ల పైచిలుకు ట్రాకు. స్కేలు ప్రకారం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నడిపితే రైలు దాదాపు మూడు నిమిషాలు కనపడదు. చూడవచ్చిన చుట్టాలు ‘పాడైందా?’ అని అడుగుతారు. గది పొడవుంటే హెలిక్స్ మానేసి, గోడ వెంటే నెమ్మదిగా ఎక్కించండి. నా ఓటు దానికే.

హెలిక్సే కావాలంటే చుట్టూ థ్రెడ్ రాడ్లు (పొడవునా మరలున్న ఇనుప కడ్డీలు) నిలబెట్టి, ప్రతి చుట్టు పలకకూ పైనొక నట్టు, కిందొక నట్టు, మధ్యలో వాషర్లు వేసి బిగించండి. రసమట్టం పెట్టి చూస్తూ నట్టు తిప్పితే మిల్లీమీటరు తేడా కూడా సర్దుకుంటుంది. చెక్క దిమ్మెలు మేకులతో కొడితే ఆ వీలుండదు. వాలు మొదలయ్యే చోటా ముగిసే చోటా ఒక్కసారిగా విరవకుండా క్రమంగా వంచండి, లేకపోతే పెట్టెలను కలిపే కప్లర్లు ఊడిపోతాయి.

ఇక పై అంతస్తు. దాని మందమే అసలు శత్రువు. 45 సెం.మీ. తేడాలో కింద చెక్క ఫ్రేము, ట్రాకు దారి మార్చే పాయింట్ల మోటార్లు, దీపాల పట్టీ కలిసి 12 సెం.మీ. తింటే, కింది ఊరికి మిగిలే ఆకాశం 33 సెం.మీ. అందుకే పైన ఫ్రేము వద్దు. ఉక్కు ఎల్ బ్రాకెట్ల మీద నేరుగా 12 మి.మీ. ప్లైవుడ్డు వేయండి. వెడల్పు 35 సెం.మీ. దాటనివ్వకండి, కింది అంతస్తు 60 ఉన్నా సరే. బ్రాకెట్ల ఎడం 40 సెం.మీ. చాలు. నేను ఒకసారి పొదుపుకు పోయి 80 సెం.మీ. ఎడం పెట్టాను. పరుచుకున్న బరువు కింద పలక కుంగుడు ఎడానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఎడం రెట్టింపైతే పదహారు రెట్లన్నమాట. కొన్నాళ్లకు నా మైదానంలో లోయలు పుట్టాయి.

ఇటుక గోడైతే యాంకర్ బోల్టులు వేయండి. జిప్సం బోర్డైతే స్క్రూ బోర్డుకు కాదు, దాని వెనకున్న నిలువు ఫ్రేముకే దిగాలి.

ప్రశ్న: బ్రాకెట్లను త్రీడీ ప్రింటర్‌లో పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో అచ్చేసుకోవచ్చా?

జవాబు: బరువు మోసేవి వద్దు. పీఎల్‌ఏ ఎప్పుడూ బరువు మీద ఉంటే విరగకుండానే మెల్లగా సాగిపోతుంది, పైగా 60 డిగ్రీల దగ్గరికే మెత్తబడుతుంది. కొలత దిమ్మెలు అచ్చేసుకోండి. హెలిక్స్ చుట్ల మధ్య అంతరం సరిచూడటానికి 10 సెం.మీ. దిమ్మెలు నాలుగుంటే పని ఎంత హాయో చేశాక తెలుస్తుంది.

ప్రశ్న: డీసీసీతో (పట్టాల ద్వారానే ఒక్కో ఇంజిన్‌కూ డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతితో) నడుపుతున్నాను. పైన ఒక పెట్టె పట్టా తప్పితే కింది రైళ్లూ ఆగిపోతున్నాయి.

జవాబు: పట్టా తప్పిన పెట్టె షార్ట్ సర్క్యూట్ చేస్తోంది, రెండంతస్తులకూ ఒకే కరెంటు దారి ఉన్నందువల్ల అన్నీ ఆగుతున్నాయి. పై అంతస్తుకు వేరే బూస్టరు (పట్టాలకు కరెంటిచ్చే యూనిట్) గానీ సర్క్యూట్ బ్రేకరు గానీ పెట్టి, కలిసే చోట రెండు పట్టాలకూ ఇన్సులేటెడ్ జాయినర్లు వేయండి. బస్ వైరు (ట్రాకు కింద సాగే ప్రధాన కరెంటు తీగ) అంతస్తు మారే చోట ప్లగ్గు పెట్టుకుంటే తప్పు వెతకడం తేలిక. తర్వాత ఒక నాణెం తీసుకుని ప్రతి మీటరుకూ రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టి చూడండి. వెంటనే బ్రేకరు పడాలి. పడని చోట బస్ నుంచి పట్టాకు వెళ్లే ఫీడరు వైరు సన్నగానో, అతుకు వదులుగానో ఉంది. హెలిక్స్ లోపల కూడా మరిచిపోకుండా చూడండి, అక్కడ చెయ్యి పట్టేది ఇప్పుడే.