స్వేచ్ఛ, కృప, ఎంపిక: పాఠకుల సందేహాలు

ప్రశ్న: మనిషికి స్వేచ్ఛ ఒక శిక్ష అంటాడు ఫ్రెంచి నాస్తిక తత్వవేత్త సార్త్ర్. దేవుని కృప లేనిదే మంచి చేయలేమంటాడు ప్రాచీన క్రైస్తవ వేదాంతి ఆగస్టీన్. అంటే ఒకాయన స్వేచ్ఛ ఉందనీ, ఇంకొకాయన లేదనీ అంటున్నట్టేనా?

జవాబు: కాదండీ. చిక్కంతా మాటలో ఉంది. ఆగస్టీన్ (354–430) లాటిన్‌లో రెండు మాటలు వాడాడు. 'లిబెరుమ్ ఆర్బిట్రియుమ్' అంటే ఇదో అదో ఎంచుకునే శక్తి. 'లిబెర్టాస్' అంటే మంచిని మనసారా కోరి, కోరినదాన్ని చేయగల స్థితి. ఆదాము దేవుని ఆజ్ఞ మీరి పతనమయ్యాక కూడా మొదటిది మనిషికి మిగిలింది, పోయింది రెండోది అన్నాడాయన. తెలుగులో రెంటినీ 'స్వేచ్ఛ' అనేస్తాం కాబట్టి, ఆయన మనిషిని మరబొమ్మను చేశాడని చాలామంది పొరబడతారు.

ఆయన మాట అర్థం కావాలంటే ఆయన ఆత్మకథ 'కన్ఫెషన్స్' ఎనిమిదో భాగం చూడండి. చెయ్యి కదలమని మనసు ఆజ్ఞాపిస్తే చెయ్యి ఠక్కున కదులుతుంది. ఆజ్ఞ ఎక్కడ ముగిసిందో, పని ఎక్కడ మొదలైందో కూడా తెలియదు. అదే మనసు 'ఇది కోరుకో' అని తనకు తానే చెప్పుకుంటే మాత్రం మొండికేస్తుంది. ఎందుకు? ఆజ్ఞ ఇచ్చేది సగం మనసే గనుక. మిగతా సగాన్ని అలవాటు పట్టుకుని ఉంటుంది. బైబిలులో రోమా పత్రిక 7:19లో అపొస్తలుడు పౌలు మొరపెట్టుకున్నదీ ఇదే: చేయగోరిన మేలు చేయడం లేదు, చేయగోరని కీడు చేస్తున్నాడు.

సార్త్ర్ ఈ 'సగం మనసు' లెక్కను ఒప్పుకోడు. 1943లో వచ్చిన 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్'లో ఒక ఉదాహరణ ఇస్తాడు. స్నేహితులతో కాలినడకన బయలుదేరిన మనిషి అలసిపోయి, సంచి దారి పక్కన పడేసి కూలబడతాడు. ఇక నావల్ల కాదంటాడు. తోటివాళ్లూ అంతే అలసిపోయారు, అయినా నడుస్తున్నారు. కాబట్టి అలసట తనంతట తాను కారణం కాలేదు. ఆ అలసటకు ఎంత విలువ ఇవ్వాలన్నది అతను ఎంచుకున్న బతుకు తీరులోనే ఉంది. 'నావల్ల కాదు' అన్నది ఆ ఎంపికకు తగిలించిన పేరు.

అసలు గొడవ ఇక్కడుంది. ఎంపిక ఉందా లేదా అన్నది కాదు, కోరిక మన చెప్పుచేతల్లో ఉందా అన్నది. మా మటుకు మాకు వ్యసనం విషయంలో ఆగస్టీన్ వర్ణనే నిజానికి దగ్గరగా అనిపిస్తుంది. 'నా స్వభావమే అంత, నేనేం చేయను' అనేవాళ్ల విషయంలో సార్త్ర్‌దే పైచేయి.

ప్రశ్న: నేనేం ఎంచుకుంటానో దేవునికి ముందే తెలిసినప్పుడు, ఎంచుకునేది నేనెలా అవుతాను?

జవాబు: ముందే తెలియడం వేరు, ముందే నిర్ణయించడం వేరు. ఒకతను నడుస్తుండగా మీరు చూస్తున్నారు. మీరు చూస్తున్నారు కాబట్టి అతను నడవడం లేదు కదా! ఆరో శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త బోయితియస్ ఇచ్చిన జవాబు ఇదే: దేవునికి మన రేపు కూడా కళ్లెదుటి వర్తమానమే.

నిర్ణయం సంగతి ఇంత తేలిగ్గా తేలదు. క్రైస్తవులే చీలిపోయారు. కాథలిక్ పండితుడు ఎరాస్మస్ 1524లో స్వేచ్ఛాచిత్తాన్ని సమర్థిస్తే, ప్రొటెస్టంట్ ఉద్యమకారుడు లూథర్ 1525లో చిత్తం బానిస అని బదులు రాశాడు. కృప కదిలించినా మనిషి దాన్ని తోసిపుచ్చగలడని కాథలిక్కుల ట్రెంట్ మహాసభ 1547లో తీర్మానించింది. దేవుడు ఎన్నుకున్నవారి విషయంలో కృప ఓడిపోదని 1618–19లో ప్రొటెస్టంట్లలో ఒక శాఖ జరిపిన డార్ట్ సభ తేల్చింది. కాబట్టి 'బైబిలు ఇలా అంటోంది' అని ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఏ సంఘం బోధ ప్రకారమో అడగండి.

ప్రశ్న: పెద్ద నిర్ణయం తీసుకోవాలి. దేవుని చిత్తం తెలియాలని గుర్తు కోసం ప్రార్థిస్తున్నాను. ఇది సార్త్ర్ చెప్పిన ఆత్మవంచనేనా, అంటే ఎంచుకునేది నేనే అయినా కాదని నన్ను నేను నమ్మించుకోవడమేనా?

జవాబు: ఒక్కోసారి అవుతుంది. 1945 అక్టోబరులో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో సార్త్ర్ ఒక జెసూట్ (ఒక కాథలిక్ సన్యాసి సంఘ సభ్యుడు) గురించి చెప్పాడు. వరసగా ఎదురుదెబ్బలు తిన్న ఆ యువకుడు, దేవుడు తనను సన్యాసానికి పిలుస్తున్నాడని అర్థం చేసుకున్నాడు. అవే దెబ్బలను చూసి వడ్రంగి కావాలనో, విప్లవకారుడు కావాలనో కూడా అనుకోవచ్చు కదా అంటాడు సార్త్ర్. గుర్తుకు అర్థం చెప్పేది చూసేవాడే. సలహా అడగడమూ అంతే. ఎవరిని అడగాలో ఎంచుకున్నప్పుడే సగం జవాబు ఎంచుకున్నట్టు.

అందుకని ఒక పని చేయండి. ఏం జరిగితే 'వద్దు' అని తీసుకుంటారో ముందుగానే కాగితం మీద రాసి, తేదీ వేయండి. రాయడానికి ఒక్కటీ తోచకపోతే నిర్ణయం అప్పటికే అయిపోయింది, మీరు వెతుకుతున్నది ఆమోదం. గుర్తులు చూశాక రాస్తే లాభం లేదు, ప్రతిదీ అనుకూలంగానే కనబడుతుంది.

దేవుణ్ణి గుర్తు అడుగుతూ గిద్యోను మంచులో పరిచిన గొర్రెబొచ్చును చాలామంది ఆదర్శంగా చూపిస్తారు. బైబిలులో న్యాయాధిపతులు 6వ అధ్యాయం మొత్తం చదవండి. ఏం చేయాలో దేవుడు అతనికి 14వ వచనంలోనే చెప్పేశాడు. గొర్రెబొచ్చు వచ్చేది 37లో. అతనిది దారి తెలియని సమస్య కాదు, ధైర్యం చాలని సమస్య. పౌలు 1 కొరింథీ 7:39లో విధవరాలి పునర్వివాహం గురించి ఏమన్నాడో కూడా చూడండి. ప్రభువునందు (అంటే విశ్వాసినే) అన్న ఒక్క హద్దు పెట్టి, ఆమెకు ఇష్టమైనవాణ్ణి చేసుకోవచ్చన్నాడు. గుర్తు కోసం ఆగమనలేదు.

ప్రశ్న: సార్త్ర్ లాంటి అస్తిత్వవాదులంతా (మనిషి తన ఎంపికలతోనే తనను తాను రూపొందించుకుంటాడనేవాళ్లు) నాస్తికులేనా?

జవాబు: కాదు. సార్త్రే ఆ 1945 ఉపన్యాసంలో వాళ్లను రెండు పాయలుగా విడదీసి, క్రైస్తవుల వైపు గాబ్రియెల్ మార్సెల్ పేరు చెప్పాడు. వీళ్లందరికీ ముందున్న డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ (1813–1855) క్రైస్తవుడే. లోయ అంచున నిలబడితే కళ్లు తిరుగుతాయే, స్వేచ్ఛ ముందు మనిషికి కలిగే ఆందోళన అలాంటిదని 1844లో రాసింది ఆయనే. సార్త్ర్ కూడా 1943లో అదే అంచు దగ్గరికి వచ్చాడు: పడిపోతానేమోనన్నది భయం, దూకేస్తానేమోనన్నది ఆందోళన. అయితే కీర్కెగార్డ్‌కు ఆ అంచున పట్టుకోవడానికి విశ్వాసం ఉంది. సార్త్ర్‌కు అక్కడ పట్టుకొమ్మ అంటూ ఏదీ లేదు.