ధర్నా కేసు: ఫైన్ కట్టి వదిలించుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. 2022 సెప్టెంబరులో పంటల బీమా డబ్బుల కోసం టవర్ క్లాక్ దగ్గర ధర్నాలో కూర్చున్నాను. 144 సెక్షన్ ఉందంటూ ఐపీసీ 188, 341, ఇంకా ఏవో సెక్షన్లు పెట్టారు. మా మామ అప్పటి అధికార పార్టీ మనిషి. 'రోడ్డెక్కితే కేసు పెట్టక హారతి పడతారా' అన్నాడు. ఆయనతో మాటల్లేవు. ప్రభుత్వం మారితే కేసు ఎత్తేయిస్తామన్న మా నాయకులు పట్టించుకోలేదు. సమన్లు వచ్చినా రెండు వాయిదాలకు పోలేదు. ఇప్పుడు టీచర్ ఉద్యోగం వచ్చింది, టెన్షన్‌తో నిద్ర లేదు. తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేయమంటున్నారు. మాకు అడిగే హక్కే లేదా సార్?

జవాబు: ఉంది. ఆయుధాలు లేకుండా శాంతంగా గుమికూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. అది మీకూ మీ మామకూ సమానమే. కానీ మీ కేసు తేలేది ఒక తేదీ మీద. చార్జిషీటు కోర్టులో ఏ రోజు దాఖలైంది? మామ అన్న మాట రాశారు, ఆ తేదీ రాయలేదు.

అధికారి ఉత్తర్వును ధిక్కరించడమనే 188కి గరిష్ఠంగా ఆరు నెలలు, మనిషిని అక్రమంగా అడ్డగించడమనే 341కి ఒక నెల జైలు. ఏడాదికి మించని శిక్ష ఉన్న నేరమైతే కేసు ఏడాదిలోగా కోర్టుకు చేరాలని అప్పట్లో అమల్లో ఉన్న సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చట్టం) 468 చెబుతుంది. 2023 సెప్టెంబరు దాటాక చార్జిషీటు వేసి ఉంటే, ఆలస్యానికి కోర్టు ఒప్పుకునే కారణం ఉండాలి. లేదంటే కేసు నిలవదు. అయితే ఆ 'ఏవో సెక్షన్లు' ఏమిటి? విధుల్లో ఉన్న ఉద్యోగిపై దౌర్జన్యం అంటూ 353 చేర్చి ఉంటే గడువు మూడేళ్లు. ధర్నా కేసుల్లో దాన్ని చేర్చడం నేను చాలాసార్లు చూశాను.

188 విషయంలో ఇంకొకటి ఉంది. ఉత్తర్వు ఇచ్చిన అధికారో, ఆయన పై అధికారో కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పోలీసుల చార్జిషీటు ఒక్కటే చాలదు, సీఆర్‌పీసీ 195 సెక్షన్ అడ్డొస్తుంది. 144 ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి ఉండదు కాబట్టి దాని కాపీ తెప్పించి, ధర్నా రోజున అమల్లో ఉందో లేదో చూడండి. 341కి ఫలానా మనిషిని కదలనివ్వలేదని సాక్ష్యం రావాలి, ట్రాఫిక్ ఆగిందంటే సరిపోదు.

ఫైన్ కట్టే ఆలోచన ఈ రోజే మానేయండి. తప్పు ఒప్పుకుంటే వంద రూపాయల ఫైనైనా అది నేరం రుజువైనట్టే. గెలవగలిగే కేసును మీ చేత్తోనే పోగొట్టుకుంటారు. నాయకుల మాట నమ్మి కూర్చోవడమూ పొరపాటే. ప్రభుత్వం జీవో ఇచ్చినా పబ్లిక్ ప్రాసిక్యూటర్ పిటిషన్ వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. వాయిదాలకు పోకపోవడం మాత్రం పూర్తిగా మీ నిర్లక్ష్యం. ఈపాటికి నాన్ బెయిలబుల్ వారెంట్ వచ్చి ఉండొచ్చు.

రేపే లాయర్‌ను పెట్టుకుని కోర్టులో హాజరై, వారెంట్ ఉంటే రీకాల్ చేయించండి. ఎఫ్ఐఆర్, చార్జిషీటు సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టండి. గడువు దాటిందని తేలితే కేసు ఆపమని మేజిస్ట్రేట్‌నే అడగండి. అక్కడ కాకపోతే హైకోర్టులో, 2024లో సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద, కేసు కొట్టేయమనే క్వాష్ పిటిషన్ ఉంది. ఆ రోజు తీసిన వీడియోలుంటే ఆ ఫోన్ మార్చకండి, ఏదీ చెరపకండి.

ఉద్యోగానికి ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో 'కేసులు లేవు' అని రాయకండి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, నిజం చెప్పిన అభ్యర్థి చిన్న కేసును అధికారులు మన్నించే వీలుంది. దాచితే ఆ దాచడమే ఉద్యోగానికి ముప్పు. కేసు నంబరు, కోర్టు పేరు, 'విచారణలో ఉంది' అన్న మాట రాసి, ఫారం జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి.