ఒక్క రిపీట్ పంపితే చాలు

ప్రశ్న: ద్వారపూడిలో జార్జెట్ చీరల మీద డిజిటల్ ప్రింటింగ్ చేస్తున్నామండి. చీరంతా బుటా పరిచే డిజైన్లే ఎక్కువ. 6.3 మీటర్ల పొడవు, 44 అంగుళాల పన్నా, 300 డీపీఐతో (అంగుళానికి 300 పిక్సెళ్ళు) ఫైలు చేసి వేస్తాం. ప్రాసెసింగ్ అయ్యేదాకా మిషను ఖాళీ. మాఘమాసం పెళ్ళి ఆర్డర్లు మీద పడుతున్నాయి. కొత్త కంప్యూటర్ కొందామంటున్నారు మావారు. కొనమంటారా?

జవాబు: అప్పుడే కొనకండమ్మా. మీ ఫైలులో దాదాపు 98 కోట్ల పిక్సెళ్ళున్నాయి. నాలుగు రంగులకీ కలిపి నాలుగు జీబీకి దగ్గర. అదే బుటా 11 అంగుళాల చదరంలో ఇమిడితే 44 ఎంబీ దాటదు. అంటే ఒకే బుటాకి రిప్ (ఫైలుని ప్రింటర్‌కి అర్థమయ్యే సిరా చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్) చేత తొంభైసార్లు రంగులు లెక్క కట్టిస్తున్నారన్నమాట!

నేను బండారులంక మగ్గాల మధ్య పెరిగినదాన్ని. అక్కడ మగ్గానికి డిజైన్ చెప్పే చిల్లుల జకార్డ్ అట్టలు ఒక్క రిపీట్‌కే, అంటే మళ్ళీమళ్ళీ వచ్చే ముక్కకే గుద్ది, గొలుసు కట్టి తిప్పుతారు. చీర పొడుగునా ఎవరూ గుద్దరు. మీరూ ఆ ఒక్క ముక్కనే, లేయర్లన్నీ కలిపేసి, రిప్‌లోకి పంపండి. ముక్కని వరసగా పరిచే స్టెప్ అండ్ రిపీట్ ఆప్షన్‌లో పన్నా, పొడవు ఇవ్వండి. బోర్డరుకి వేరే ముక్క, పల్లూ మాత్రం పూర్తిగా.

అతుకు గీతలు పడతాయని చాలామంది దీనికి జంకుతారు. అవి పడేది ఎక్కువగా కొలత దగ్గరే. 25 సెంటీమీటర్ల ముక్క 300 డీపీఐలో 2952.76 పిక్సెళ్ళు, ఆ చివరి భిన్నమే తెల్లగీతై కూర్చుంటుంది. 254 డీపీఐ పెట్టుకుంటే మిల్లీమీటరుకి సరిగ్గా పది పిక్సెళ్ళు, 25 సెంటీమీటర్లకి 2500. సెంటీమీటర్లలో పనిచేసేవాళ్ళకి నేనెప్పుడూ ఇదే చెబుతాను. ముక్క కోశాక బ్లర్, షార్పెన్ చేయకండి, అంచులు తేడా వస్తాయి. ఫోటోషాప్ ఆఫ్‌సెట్ ఫిల్టర్‌తో సగానికి జరిపి చూస్తే అతుకు నడిమధ్యకొచ్చి కనబడిపోతుంది.

బుటాలు ఒక వరస దింపి ఒక వరస వచ్చే డిజైనైతే హాఫ్ డ్రాప్ ఎంచుకోండి. మీ సాఫ్ట్‌వేర్‌లో అది లేకపోతే రెండు వరసలు కలిపి ఒకే ముక్కగా చేసుకోండి.

జార్జెట్ మీద పూల బుటాకి 150 డీపీఐ కూడా వేసి చూడండి, పిక్సెళ్ళు నాలుగో వంతుకి పడిపోతాయి. అరమీటరు గుడ్డ మీద రెండూ వేసి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి మీ కళ్ళతో తేల్చుకోండి. సన్నగీతల డిజైన్లకి మాత్రం తగ్గించకండి.

ఇంత చేశాకా ఆలస్యమైతే, రిప్ తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకునే టెంప్ ఫోల్డరు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కు మీద ఉందో లేదో చూసి, అప్పుడు నాకు మళ్ళీ రాయండి.