డ్రైవాల్‌కు బిగించిన ఆంకర్ ఊడిరాకుండా ఉండాలంటే

సందేహం: అమెరికా వచ్చి రెండు నెలలైంది. అపార్ట్‌మెంట్ గోడకు దేవుడి పటాల కోసం బ్రాకెట్లతో చిన్న అర బిగించాం. స్క్రూలా తిరిగే ప్లాస్టిక్ ఆంకర్లే (గోడలో దిగి స్క్రూకు పట్టునిచ్చే ప్లగ్గులు) వాడాం, డబ్బా మీద 75 పౌండ్లు అని ఉంది. అర మీద పాతిక పౌండ్లు కూడా లేవు. వారం తిరక్కుండానే గోడ పెళ్ళతో సహా ఊడివచ్చింది. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: మన ఊళ్ళో ఇటుక గోడకు డ్రిల్లుతో బెజ్జం పెట్టి, ప్లాస్టిక్ ప్లగ్గు సుత్తితో దిగ్గొట్టి, స్క్రూ బిగిస్తే ఇక దాని జోలికి వెళ్ళక్కర్లేదు. చుట్టూ ఇటుకా సిమెంటూ గట్టిగా పట్టుకుంటాయి. ఇక్కడ మీది డ్రైవాల్, ఆ గోడ పలక మందం మామూలుగా అర అంగుళం. నడుమ సుద్దలా పొడి రాలే జిప్సం, దానికి రెండు వైపులా దళసరి కాగితం. వెనక మూడున్నర అంగుళాల ఖాళీ, అందులో సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున నిలువు చెక్కలు. వాటినే స్టడ్స్ అంటారు. షాపులో షీట్‌రాక్ అన్నా ఈ గోడే. అది ఒక కంపెనీ పెట్టిన పేరు, వాడుకలో అందరిదీ అయిపోయింది.

ఈ గోడకున్న బలంలో చాలా భాగం ఆ కాగితానిదే. అది చిరగకుండా, జిప్సం పిండి కాకుండా ఆంకర్ దిగితేనే పట్టు ఉంటుంది. మీ ఆంకర్ ఊడిందంటే ఈ రెంటిలో ఏదో ఒకటి బిగించేటప్పుడే జరిగి ఉండాలి, లేదా లాగే బలం మీ లెక్కకు మించి ఉండాలి.

ముందు ఆ లెక్క చూద్దాం. డబ్బా మీది 75 సాధారణంగా అర అంగుళం గోడకు ఆనుకుని నిటారుగా కిందికి వేలాడే బరువుకు వేసిన అంకె, అదీ ఆంకర్ విఫలమయ్యే దగ్గరలోది. అందులో నాలుగో వంతు, అంటే 18 పౌండ్లు లేదా 8 కిలోల దాకానే నమ్మండి. పైగా అర కిందికి మాత్రమే లాగదు, పై స్క్రూను గోడలోంచి బయటికి పెరుకుతుంది. 10 అంగుళాల లోతున్న అర మీద 24 పౌండ్లు సమంగా పరిచి ఉన్నాయనుకోండి. బరువు గోడకు 5 అంగుళాల దూరంలో ఉన్నట్టు లెక్క. బ్రాకెట్ కింది అంచు నుంచి పై స్క్రూకు 4 అంగుళాలే ఉంటే, 24ను 5తో గుణించి 4తో భాగించాలి: 30 పౌండ్లు. రెండు బ్రాకెట్లకు పంచితే ఒక్కో పై స్క్రూను 15 పౌండ్లు బయటికి లాగుతుంటాయి. బరువైన ఇత్తడి కుందులన్నీ ముందు అంచున పెడితే అదే 30 అవుతుంది. కాబట్టి గోడకు ఆనే కాలు పొడుగ్గా ఉన్న బ్రాకెట్ కొనండి. పై స్క్రూ 8 అంగుళాల ఎత్తులో ఉంటే ఈ లాగుడు సగానికి సగం తగ్గుతుంది. ఇంత సులువైన జాగ్రత్తను చాలామంది పట్టించుకోరు.

ఇప్పుడు బిగించే పని. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాక అక్కడ సన్నని మేకు ఒకటి నెమ్మదిగా గుచ్చండి. అర అంగుళం దిగి ఆపైన ఖాళీ తగిలితే ఆంకర్‌కు సరైన చోటు. గట్టిగా అడ్డు తగిలితే అక్కడ స్టడ్ ఉంది; అదృష్టమే, ఆంకర్ మాట మరచి రెండంగుళాల చెక్క స్క్రూ నేరుగా బిగించండి. చెక్క ఉన్నచోట ఆంకర్ తిప్పితే ప్లాస్టిక్‌దైతే మొన విరుగుతుంది, లోహానిదైతే ముందుకు పోలేక అక్కడే తిరిగి జిప్సంను తవ్వేస్తుంది. మేకుకు ఇనుము తగిలితే మాత్రం ఆపేయండి. వైరుకో పైపుకో రక్షణగా బిగించిన రేకు అయి ఉండొచ్చు. స్విచ్చులకూ ప్లగ్ పాయింట్లకూ సరిగ్గా పైనా కిందా అసలు పెట్టొద్దు, వైర్లు ఆ నిలువులోనే పోతుంటాయి.

పని చేతి స్క్రూడ్రైవర్‌తో చేయండి, 2వ నంబరు ఫిలిప్స్ (ప్లస్ గుర్తు మొన ఉన్నది). పవర్ డ్రిల్లు వేగానికి ఆంకర్ మీది మరలు జిప్సంను కొరికి పొడి చేస్తాయి. ఆంకర్లు వదులవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. డ్రిల్లే వాడాలంటే వేగం బాగా తగ్గించి, క్లచ్ (బిగింపు బలానికి హద్దు పెట్టే రింగు) తక్కువ అంకె మీద పెట్టి, చివరి రెండు చుట్లు చేత్తో తిప్పండి. ఆంకర్ మొనను గుర్తు మీద నిలిపి, ఎటూ వాలకుండా గోడలోకి సూటిగా పట్టి, కొంచెం బలంగా నొక్కుతూ కుడివైపు తిప్పాలి. మరలు కాగితాన్ని అందుకోగానే నొక్కడం తగ్గించండి, అక్కడి నుంచి అదే లోపలికి లాక్కుంటుంది. అప్పుడు కూడా నొక్కుతూనే ఉంటే అది తిరిగే వేగం కన్నా ముందుకు దూసుకుపోయి బెజ్జం పెద్దదవుతుంది. పెయింటు పొరలు మందంగా ఉండి అంచున పెచ్చు లేస్తుంటే, ఆంకర్ తలంత వలయం బ్లేడుతో పైపైన గీసి మొదలుపెట్టండి.

తల గోడతో సమానం కాగానే ఆపాలి. ఇంకో పావు చుట్టు తిప్పుదామనిపిస్తుంది, తిప్పొద్దు. తల కాగితాన్ని చీల్చుకుని లోపలికి కుంగిందంటే అప్పటికే పట్టు పోయినట్టు. వంకరగా దిగిన ఆంకర్‌ను తీసి అదే బెజ్జంలో మళ్ళీ పెట్టడం కూడా వృథా.

తరువాత బ్రాకెట్ పెట్టి స్క్రూ. డబ్బాలో వచ్చిన స్క్రూలే వాడండి. బయటివైతే ఆ డబ్బా మీద రాసిన నంబరే తెచ్చుకోండి, చాలావరకు 8వ నంబరు, అంగుళంపావు పొడవు. ఆంకర్ లోపల స్క్రూ చొచ్చుకుపోయినప్పుడే అది విచ్చుకుని బిగుసుకుంటుంది. పొడవు చాలకపోయినా, స్క్రూ సన్నంగా ఉన్నా ఆ విచ్చుకోవడం జరగదు. బ్రాకెట్ మందం లెక్కలోకి తీసుకోవడం మరిచిపోవద్దు. బ్రాకెట్ గోడకు ఆని, స్క్రూ చేతికి బరువెక్కగానే చాలు. స్క్రూతోపాటు ఆంకర్ కూడా తిరుగుతోందంటే బెజ్జం వదులైంది. జిగురు పోసో, పుల్లలు కుక్కో నిలబెట్టాలని చూడొద్దు. మూడు నాలుగు అంగుళాలు జరిపి కొత్తది పెట్టండి, లేదా ఆ బెజ్జాన్నే పెద్దది చేసి గోడ వెనక అడ్డంగా పరుచుకునే టోగుల్ బోల్ట్ వేయండి. బరువైన వాటికి మొదటి నుంచీ టోగులే మేలు, అయితే దానికి అర అంగుళం దాకా బెజ్జం కావాలి.

కొన్నిటికి ఏ ఆంకరూ పనికిరాదు. టీవీ, పిల్లల కోసం మెట్ల దగ్గర పెట్టే గేటు, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ, బీరువా ముందుకు పడకుండా కట్టే పట్టీ, ఇవన్నీ స్టడ్‌లోకే వెళ్ళాలి. వీటిలో ఏదన్నా ఊడితే దెబ్బతగిలేది మనిషికి, అందుకే ఇక్కడ రాజీ పడొద్దు. ఉయ్యాల కొక్కెం సీలింగ్ జిప్సంకు ఎంతమాత్రం వద్దు. స్టడ్ వెతకడానికి చిన్న బలమైన అయస్కాంతం చాలు. గోడ మీద మెల్లగా జరిపితే స్క్రూ తల దగ్గర అంటుకుంటుంది, నిలువునా మరో రెండు చోట్ల కూడా అంటుకుంటే ఆ గీత వెనక చెక్క ఉన్నట్టే. చెక్క వెడల్పు ఒకటిన్నర అంగుళమే కనుక నడిమధ్య చూసుకుని గుచ్చండి.

మీది బాగా పాత ఇల్లైతే మాట వేరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇళ్ళలో చాలావాటికి చెక్క బద్దల మీద పూసిన ప్లాస్టర్ గోడలుంటాయి. వాటికి ఈ ఆంకర్లు నప్పవు. 1978కి ముందు ఇంట్లో పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పొడి రేగకుండా తడిబట్ట దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు మీ గోడలో మిగిలిన బొక్క సంగతి. పెళ్ళ ఊడిన చోట చిరిగిన కాగితాన్ని బ్లేడుతో కోసేసి, వదులుగా ఉన్న పొడి దులిపి, అతుక్కునే జాలీ అంటించి, పైన స్పాకిల్ (గోడ బెజ్జాలు పూడ్చే ముద్ద) పలుచగా రెండు మూడు పూతలు వేయండి. ఒకేసారి మందంగా వేస్తే ఆరేటప్పుడు పగుళ్ళు వస్తాయి. ఆరాక సన్నని సాండ్‌పేపర్‌తో రుద్ది రంగు వేయాలి. ఆ రంగు మీ అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి చూడండి, గదులకు వేసిన పెయింటు మిగిలినది ఉంటే ఇస్తారు. మామూలు ఆంకర్‌ను ఎడమవైపు తిప్పితే బయటికి వచ్చేస్తుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వాటి బెజ్జాలకు స్పాకిల్ ఒక్కటే సరిపోతుంది. ఎన్ని బెజ్జాలకు డిపాజిట్‌లో డబ్బు కోస్తారో లీజులో ముందే చదువుకోండి.