జంటపడవ కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గోపాలపూర్ నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న తీరం నుంచి ఈ నెల వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా తెరచాప కాటమరాన్ గురించే. అందుకని ఈసారి శీర్షిక అంతా దానికే.

ప్రశ్న (బరంపురం): నలుగురం కలిసి పాత 18 అడుగుల కాటమరాన్ కొందామనుకుంటున్నాం. మన జాలర్ల తెప్పని కూడా కాటమరాన్ అంటారు కదండీ, రెండూ ఒకటేనా? కొనే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: పేరు ఒకటే గానీ పడవలు వేరు. తమిళంలో కట్టుమరం అంటే కట్టిన దుంగలు, మన తెప్ప అచ్చంగా అదే. ఇంగ్లీషువాళ్లు ఆ మాట పట్టుకెళ్లి చివరికి రెండు హల్స్ (నీళ్లలో తేలే పొడవాటి దేహాలు) పక్కపక్కన ఉన్న పడవకి తగిలించారు. ఇసుక మీంచి నేరుగా నీళ్లలోకి దించే ఈ రకం జనంలోకి వచ్చింది 1968లో, కాలిఫోర్నియాలో సర్ఫ్‌బోర్డులు చేసే హోబీ ఆల్టర్ 14 అడుగుల పడవతో.

18 అడుగులదంటే బరువు దాదాపు 180 కిలోలు, వెడల్పు 8 అడుగులు, తెరచాప కొయ్య (మాస్టు) ఎత్తు దగ్గర దగ్గర 28 అడుగులు. ఇది ఇద్దరి పడవ. నలుగురూ వంతులు వేసుకోండి.

కొనే ముందు హల్ పైభాగాన్ని బొటనవేళ్లతో నొక్కుతూ రండి. ముక్కుకీ, రెండు హల్స్‌నీ కలిపే ముందు అడ్డబద్దకీ మధ్య జాగా మరీ ముఖ్యం. మెత్తగా దిగితే లోపలి ఫోమ్ పొరకీ ఫైబర్ పొరకీ పట్టు వదిలిందన్నమాట. రూపాయి బిళ్లతో తట్టినా తెలిసిపోతుంది: గట్టిచోట టంగుమంటుంది, వదులైన చోట బొదబొదమంటుంది. అరచేయంత మేర వదులుంటే ఎపాక్సీ జిగురు ఎక్కించి బాగుచేయించుకోవచ్చు. ముక్కు నుంచి అడ్డబద్ద దాకా వదులైతే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. కెరటాల దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే, విరిగేదీ అక్కడే.

ప్రశ్న (గోపాలపూర్): ఒడ్డున విరిగే కెరటాల్ని దాటలేకపోతున్నాం. రెండుసార్లు పడవ అడ్డం తిరిగి ఇసుకలో పడింది.

జవాబు: ముందు మన తీరం వాటం చెప్పుకోవాలి. ఇది నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. వేసవిలో మధ్యాహ్నం లేచే నైరుతి గాలి దాదాపు ఒడ్డు వెంబడే వీస్తుంది. అంటే సముద్రంలోకి వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ మీకు అడ్డగాలే. కాటమరాన్‌కి ఇంతకన్నా కలిసొచ్చే గాలి లేదు. తెల్లవారుజామున నేల మీంచి వచ్చే గాలి అలా కాదు. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, కాస్త లోపలికి వెళ్లాక తిరిగి రావడం కష్టమవుతుంది. కొత్తవాళ్లు ఆ వేళ దిగకూడదు.

ఇక దాటే పద్ధతి. పడవ ముక్కు కెరటానికి సూటిగా ఎదురు పెట్టి, చెరోవైపు ముందు అడ్డబద్ద పట్టుకుని నడుము లోతు దాకా నడిపించండి. చుక్కానులు పైకి లేపి ఉండాలి, పెద్ద తెరచాప తాడు పూర్తిగా వదులు. అక్కడే ఆగి కెరటాల్ని చూడండి. పెద్దవి గుంపుగా వస్తాయి, వాటి వెనక కాసేపు తెరిపి ఉంటుంది. ఆఖరి పెద్ద కెరటం దాటగానే ఇద్దరూ ఎక్కి తాడు లాగండి. చుక్కాని సగం దించి, లోతు రాగానే పూర్తిగా దించి లాక్ చేయండి. మీ పడవ అడ్డం తిరగడానికి కారణం చాలావరకు ఇదే అయ్యుంటుంది: లోతు వచ్చాక కూడా సగం లేచే ఉన్న చుక్కాని పడవని తిప్పజాలదు, పైగా చేతికి రాయంత బరువుగా తగులుతుంది. రెండో కారణం వేగం లేకపోవడం. ఎదురుగా నురగ కనబడగానే భయపడి తాడు వదిలేస్తారు. ఆగిన పడవ కెరటం ఎటు తోస్తే అటే పోతుంది. తాడు బిగించే ఉంచండి, కెరటం ఎక్కేటప్పుడు ఇద్దరూ ముందుకి జరగండి.

తిరిగొచ్చేటప్పుడు కెరటం ముఖం మీద జారిరావాలని సరదా పడొద్దు. దాని వీపు వెనకే రండి, బరువు వెనక్కి వేసి. డాగర్‌బోర్డులు (అడుగున నీళ్లలోకి దిగే పలకలు) ముందే పైకి లాగండి. చుక్కాని లాక్ నడుము లోతులో వదలండి. పడవకీ ఒడ్డుకీ మధ్య ఎప్పుడూ దిగకండి. వెనకనుంచి కెరటం తోస్తే ఆ 180 కిలోలూ మీ మోకాళ్ల మీదే పడతాయి. ఎప్పుడూ సముద్రం వైపే దిగాలి.

నడుము ఎత్తు మించిన కెరటాలుంటే ఆ రోజుకి వద్దు. గోపాలపూర్ దగ్గర సైన్యం ఫైరింగ్ రేంజ్ ఉంది కాబట్టి, బయల్దేరే ముందు మెరైన్ పోలీసుల్ని అడిగే వెళ్లండి. నవంబరు నుంచి మే దాకా రుషికుల్య ముఖద్వారం వైపు పోకండి. తాబేళ్లు ఊపిరికోసం పైకి తేలే చోట చుక్కాని కత్తిలా తగులుతుంది.

ప్రశ్న (ఇచ్ఛాపురం): ఒక హల్ గాలిలోకి లేపి నడపడం వీడియోల్లో చూశాను. ఎంత గాలి కావాలి? పడవ బోల్తా పడితే మళ్లీ నిలబెట్టగలమా?

జవాబు: నీటి మీద తెల్లనురగ అక్కడక్కడా కనబడటం మొదలైందంటే గాలి 10-12 నాట్లు (గంటకి దాదాపు 18-22 కిలోమీటర్లు) ఉన్నట్టు. ఇద్దరూ గాలివైపు అంచున కూర్చుంటే హల్ లేవడానికి అదే మొదలు. హల్ జానెడు లేవగానే దానికింద చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది, వినిపించేది రెండోవైపు నీళ్లు చీలే శబ్దమే. ఈ పడవని ఒకసారి నడిపినవాళ్లు మళ్లీ వెతుక్కుంటూ వచ్చేది ఆ క్షణం కోసమే. అక్కడ పెద్ద తెరచాప తాడు చేతిలోనే ఉండాలి, తాడుని బిగించి పట్టే క్లీట్‌లో ఇరికించి కూర్చోకూడదు. హల్ ఎక్కువ లేస్తుంటే తాడు అడుగో రెండడుగులో వదలండి, దానంతటదే దిగుతుంది. కింది హల్ ముక్కు నీళ్లలోకి గుచ్చుకుంటుంటే మాత్రం వెంటనే వెనక్కి జరగాలి, లేకపోతే పడవ ముందుకి పల్టీ కొడుతుంది.

బోల్తా పడితే మొదటి పని పడవని వదలకపోవడం. తర్వాత రెండు తెరచాపల తాళ్లూ క్లీట్ల నుంచి విడిపించండి. నిలబెట్టలేకపోయామని రాసేవాళ్లలో చాలామంది మరిచేది ఇదే. బిగిసి ఉన్న చాప నీళ్లని తొట్టెలా పట్టుకుంటుంది. ఆపైన ఒకరు కింది హల్ మీద ముక్కువైపుకి నడవాలి. ముక్కు కాస్త మునిగి లంగరులా పట్టడంతో పడవ మెల్లిగా గాలికి ఎదురు తిరుగుతుంది. ఇప్పుడు గాలి చాప కిందికి దూరి మీకు సాయం చేస్తుంది. పై హల్ మీదుగా తాడు వేసుకుని, కాళ్లు చాచి, నడుం వంచకుండా వెనక్కి వాలండి. ఇద్దరి బరువూ కలిపి 140 కిలోలైనా ఉండాలి. చాలకపోతే నీళ్లు నింపిన సంచి భుజాన వేసుకుంటారు. మొదటి అరనిమిషం కదలికే కనబడదు. కొయ్య నీళ్లు వదిలాక మాత్రం వేగంగా లేస్తుంది. పడవ నిలబడగానే అడ్డబద్ద పట్టుకోండి, లేకపోతే అది రెండోవైపు బోల్తా పడుతుంది, లేదా మిమ్మల్ని వదిలి వెళ్లిపోతుంది.

ఇదంతా మొదటిసారి సముద్రంలో చేయొద్దు. గాలి లేని పొద్దున, లోతున్న ప్రశాంతమైన నీళ్లలో, కావాలనే పడేసి మూడుసార్లు నిలబెట్టండి.

ప్రశ్న (రంభ): అయితే చిలికా మంచిదా?

జవాబు: నేర్చుకోవడానికి చాలా మంచిది, కెరటాలు విరగవు. కానీ లోతు తక్కువ. డాగర్‌బోర్డు సగమే దించి నడపండి. బోల్తా పడితే కొయ్య కొస బురదలో దిగబడి, బలవంతంగా లాగితే వంగిపోతుంది. కొయ్య కొనకి చిన్న తేలే బుడ్డీ కట్టడం మంచిది. వెదురుగుంజలు కనబడితే రొయ్యల వలలున్నట్టే, దూరంగా తిప్పండి. నలబన పక్షుల చోటికి వెళ్లకండి.

ప్రశ్న (ఛత్రపూర్): ఉప్పునీళ్లకి పడవ పాడవకుండా ఏం చేయాలి?

జవాబు: ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి. కప్పీలు, చుక్కాని బిజాగరీలు, కొయ్యని పట్టే స్టీలు తీగల చివళ్లు మరీ జాగ్రత్తగా. తీగ మీద గుడ్డ జార్చి చూడండి. ఎక్కడైనా పోగు తగులుకుంటే ఆ తీగని వెంటనే మార్చాలి, ఇంకో రోజు నడుపుదామనుకోవద్దు. పిన్నుల రింగులకి టేపు చుట్టండి. వాడనప్పుడు తెరచాపని ఎండలో వదలకండి.

కొయ్య లేపే ముందు, పడవని ఇసుక మీద కొయ్యతోనే నెట్టుకుపోయే ముందు తలెత్తి కరెంటు తీగలు చూడండి. అల్యూమినియం కొయ్యకి అవి తగిలితే పట్టుకున్నవాళ్లు బతకరు. అక్టోబరులో కొయ్య దించి, పడవని కెరటాలకి అందనంత దూరం జరిపి కట్టేయండి. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, 2018లో తిత్లీ తుఫాను అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి.

ఒడ్డుకి రాగానే హల్స్ వెనక ప్లగ్గులు విప్పి, ఎన్ని నీళ్లు కారాయో చూడండి. గ్లాసెడైతే మామూలే. బకెట్ అయితే ఎక్కడో పగులుంది. విప్పిన ప్లగ్గుల్ని చుక్కాని పిడికి తాడుతో వేలాడగట్టండి, మర్నాడు చుక్కాని పట్టుకోగానే చేతికి తగులుతాయి.